మాఫీ జాబితాలో ఏడో నంబరు

సెప్టెంబర్ 8, సోమవారం

కొత్త నోటుబుక్కు. పాతదాంట్లో ఇంకా పదకొండు పేజీలు ఉన్నాయి కాని, ఉమ్రా సంగతులు, అంటే మక్కా యాత్రవి, విడిగా ఉండాలి. ఇదీ తెలుగులోనే రాస్తాను. ఉర్దూలో రాస్తే ఇంట్లో అందరూ చదువుతారు. తెలుగు అక్షరాలు కనబడితే నా కొడుకు ఫుర్ఖాన్‌కు అది కరెంటు బిల్లు, కోడలు అల్మాస్‌కు నీళ్ళ బిల్లు. మనవరాలు తూబాకు తెలుగు వచ్చు, నేనే నేర్పాను. అడగకుండా ఒకరి పుస్తకం తెరవకూడదని కూడా నేనే నేర్పాను. ముప్పై నాలుగేళ్ళు తెలుగు మీడియం బళ్ళో లెక్కలు చెప్పినందుకు నాకు మిగిలిన ఏకాంతం ఈ లిపి.

ఉదయం 9:10 బస్సుకు నేనూ తూబా నిజామాబాద్ పోయాం, పాస్‌పోర్టు దరఖాస్తుకు. నాకు అరవై ఏడు, తూబాకు పందొమ్మిది. ఇద్దరికీ ఇదే మొదటిది. ఉమ్రా గ్రూపు నవంబర్ 20న బయలుదేరుతుంది. అక్టోబర్ 25లోగా పాస్‌పోర్టులు ఏజెంటు చేతిలో పెట్టాలి. లేకపోతే మా ఇద్దరి చోట్లూ వేరేవాళ్ళకు పోతాయి.

ఆఫీసులో గంటా నలభై నిమిషాలు. ఫారాల్లో ఒక్క తప్పూ రాలేదు.

తర్వాత బస్టాండు దగ్గర చెరకు రసం బండి. తానే అడుగుతానంది తూబా. ఏప్రిల్‌లో కాలేజీ మానేసిన తర్వాత బయటి మనిషితో ఆమె తానుగా నోరు తెరవడం ఇదే మొదటిసారి. కాలేజీలో తోటివాళ్ళు ‘ఫారిన్ మేడం’ అని పిలిచేవారట. నేను రెండడుగులు వెనక నిలబడ్డాను.

“నమస్కారం. ఒక గ్లాసు చెరకు రసం ఇవ్వండి. మంచుముక్కలు వద్దు. అల్లం వద్దు. నిమ్మకాయ వద్దు,” అంది తూబా, తిరిగే చక్రం వైపు చూస్తూ. ఏ మాటకామాట విడిగా, గొంతు ఎక్కకుండా దిగకుండా, చాలా స్పష్టంగా. నాకు గర్వంగా అనిపించింది.

బండివాడు చెరకు గడ పట్టుకుని ఆగిపోయాడు. “మేడం, ఏ కంట్రీ?”

తూబా నావైపు చూసింది. నేను ముందుకు వచ్చి, “ఈమె నా మనవరాలు. మాది బోధన్. ఇక్కడికి ఇరవై ఆరు కిలోమీటర్లు,” అన్నాను.

“అరె! మీరు గూడ గదే దేశమా అమ్మా? తెలుగు మస్తు నేర్సుకున్నరు ఇద్దరు!” రసం పోసి ఇస్తూ, “రుద్రూర్ దిక్కు చెరుకు ఇది. మీ దగ్గర దొరుకుతదా?” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. సొంతవాళ్ళతో ఇక్కడ ఎవరూ అంత మర్యాదగా మాట్లాడరు.

తూబా సగం తాగి గ్లాసు పెట్టేసింది. బస్సు ఎడపల్లిలో ఆగింది. అక్కడ అడిగింది: “దాదీ, మక్కాలో అందరూ వేరే వేరే దేశాల వాళ్ళే ఉంటారు కదా?”

“లక్షలమంది.”

“అయితే అక్కడ నన్ను ఎవరూ ప్రత్యేకంగా అడగరు.”

ఉమ్రా చేయడానికి ఇది సరైన కారణం కాదని చెప్పాను. సంకల్పం ఎలా ఉండాలో చెప్పాను. బోధన్ బస్టాండు వచ్చేదాకా చెప్పాను. తూబా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

‘ఏ దేశం’ అని అడిగినవి, ఈ సంవత్సరం ఇప్పటిదాకా: తూబా 14, నేను 9. నాకు తక్కువ. నా ఉచ్చారణ ఇంకొంచెం మెరుగ్గా ఉండడమే కారణం.

సెప్టెంబర్ 10, బుధవారం

ఆగస్టులో అల్మాస్ తూబాను హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మకు చూపించింది. నాకు మాత్రం పళ్ళ డాక్టరని చెప్పింది. ఈరోజు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఆటిజం అని ఆ డాక్టరమ్మ అనుమానమట. రోగం కాదట, పుట్టుకతో వచ్చిన తీరట. ఖాయంగా చెప్పడానికి, పిల్లను చిన్నప్పటి నుంచి పెంచిన మనిషి యాభై ప్రశ్నలకు జవాబులు నింపాలట. అల్మాస్ అప్పట్లో రోజంతా కుట్టు సెంటర్‌లో ఉండేది. పెంచింది నేను.

“ఈ పిల్లకు ఏ లోపమూ లేదు. నాలాగే మాట్లాడుతుంది,” అన్నాను.

అల్మాస్ కాగితాలు నావైపు జరిపింది. “అవును అమ్మీ,” అంది మెల్లగా. “అచ్చం మీలాగే మాట్లాడుతుంది.”

కోడలు నా మాటతో ఏకీభవించడం ఇరవై రెండేళ్ళలో ఇది మూడోసారి. తారీకు గుర్తుంచుకోవాలి.

సెప్టెంబర్ 11, గురువారం

ఆ కాగితాలు నింపను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

నింపను.

సెప్టెంబర్ 13, శనివారం

నింపాను. కాగితం ఖాళీగా ఉంటే నేను నిద్రపోలేను, అది అల్మాస్‌కు తెలుసు.

ప్రశ్నలు తయారుచేసిన మనిషికి పిల్లల్ని పెంచిన అనుభవం లేదు. ‘ఎదుటివారి కళ్ళలోకి చూసి మాట్లాడడం కష్టమా?’ అట. పెద్దవాళ్ళ కళ్ళలోకి గుడ్లప్పగించి చూడకూడదని నేనే చెప్పి పెంచాను. ‘పుస్తకంలోలాగా మాట్లాడుతారా?’ అట. మరి పుస్తకాలు అచ్చు వేసేది ఎందుకు? ‘ఒకే విషయం మీద ఎక్కువసేపు మాట్లాడుతారా?’ మొదలుపెట్టినదాన్ని పూర్తిచేస్తాం మేము. ‘మాటతీరు వల్ల వేరే ప్రాంతంవారని అనుకుంటారా?’

అక్కడ ఆపి టీ తాగాను.

తూబాకు యాభైకి 38 వచ్చాయి. మార్కులు ఎక్కువ వస్తే అనుమానం బలమైనట్టట. ఒక్క పేపరు దిద్ది ప్రశ్నపత్రం మంచిదో కాదో చెప్పలేం. అందుకని పోల్చి చూడడానికి, మామూలు మనిషి ఒకరు కావాలి కాబట్టి, అవే ప్రశ్నలకు నా జవాబులు కూడా వేసి మార్కులు కలిపాను.

నా మార్కులు ఇక్కడ రాయను. ప్రశ్నపత్రం సరిగా లేదు.

సెప్టెంబర్ 17, బుధవారం

ఉమ్రాకు పోయే ముందు తెలిసినవాళ్ళందరి దగ్గరికీ పోయి, అన్నదీ విన్నదీ మాఫ్ చేయమని అడగాలి. పెద్దల నాటి పద్ధతి. ఇప్పటివాళ్ళు ఫోనులో ఒకే సందేశం మూడువందల మందికి పంపేసి చేతులు దులుపుకుంటున్నారు. దేనికి మాఫీ అడుగుతున్నామో చెప్పకపోతే ఎదుటివాళ్ళు దేన్ని మాఫ్ చేయాలి?

నేను పద్ధతిగా జాబితా రాశాను, ఇళ్ళ వరుసలో. పేరు, సంవత్సరం, నేను అన్నమాట, ఆ మాట నిజమా కాదా. మొత్తం నలభై ఒక్కమంది తేలారు. చివరి గడిలో నలభై ఒక్కచోట్లా ‘నిజం’ అని వచ్చింది.

ఏడో నంబరు పక్కింటి వసంతమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళు మా రెండిళ్ళకూ మధ్య గోడ మీదుగా గిన్నెలు తిరిగాయి. ఈద్‌కు మా సేమ్యా అటు, పండుగలకు ఆమె గారెలు ఇటు. నాలుగేళ్ళ కింద ఆమె కొడుకు పెళ్ళైంది. కొత్త కోడలు నవతను చూడడానికి వాడకట్టు అంతా పోయాం. పద్నాలుగుమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. వసంతమ్మ నన్ను అడిగింది, “టీచరమ్మా, మా కోడలు ఎట్లుంది?” అని.

నేను చూశాను. చూసి చెప్పాను: “ఎత్తు తక్కువ. పళ్ళు వరుసగా ఉన్నాయి. మాట స్పష్టంగా ఉంది.”

మూడు విషయాల్లో రెండు మెచ్చుకోలు. అది ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆరోజు నుంచి వసంతమ్మ నాతో మాట్లాడలేదు. అడిగింది, చెప్పాను. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం తప్పెలా అవుతుంది? అంతకు వారం ముందు గారెలతో వచ్చిన ఆమె స్టీలు గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. అంచు మీద చుక్కలతో చెక్కి ఉంటుంది, ‘వసంతమ్మ 1994’ అని. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరాదు. ఏదైనా పెట్టి ఇస్తే పుచ్చుకుంటుందో లేదో తెలియదు. వారానికోసారి తోమి పెడుతున్నాను. నాలుగేళ్ళుగా.

అడిగింది, చెప్పాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

జాబితా మొదలైంది. గల్లీ మూలమీద కిరాణా దేవన్న, ఒకటో నంబరు.

“దేవన్న గారూ, 2019 జూన్‌లో మీ తరాజు ఒకవైపు వాలుతోందని నలుగురి ముందు అన్నాను. తరాజు వాలుతున్న మాట నిజం. నలుగురి ముందు అన్నందుకు మాఫ్ చేయండి.”

దేవన్న చేతిలో కొలపాత్ర అట్లాగే ఉంది. దుకాణంలో ఐదుగురున్నారు. “టీచరమ్మా, మాఫీ అడుగుతున్నరా, మల్ల తిడుతున్నరా?”

“మాఫీ.”

“మాఫీయే గని తల్లీ, జర లోపలికొచ్చి అడుగున్రి. గిరాకీ ముంగట తరాజు ముచ్చట ఎందుకు మల్ల!”

మాఫ్ చేశాడు. త్వరగా చేశాడు, నేను తొందరగా వెళ్ళిపోవాలని.

సాయంత్రానికి ఆరుగురు అయ్యారు. ఇద్దరు నవ్వారు, ఒకామె ఏడ్చింది, ఒకాయనకు నేను తిట్టినట్టు గుర్తే లేదు, నేను గుర్తుచేసిన తర్వాత కోపం వచ్చింది. ఏడో నంబరు గుమ్మం దాటి ఎనిమిదికి పోయాను. వరుస తప్పాను. కాళ్ళ నొప్పి.

సెప్టెంబర్ 26, శుక్రవారం

పాస్‌పోర్టు విచారణకు స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. పేరు మార్కండేయ, ముప్పై ఏళ్ళుంటాయి. చెప్పులు బయట విడిచి వచ్చాడు. మంచి పెంపకం.

మొదట తూబాను అడిగాడు. “యాడ పుట్టినవ్ బిడ్డా?”

తూబా గోడ గడియారం వైపు చూస్తూ చెప్పింది: “నిజామాబాద్‌లో, ఆసుపత్రిలో, 2006 మార్చి 11వ తారీకు ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు. నాకు జ్ఞాపకం లేదు. చెప్పగా విన్నాను.”

కానిస్టేబుల్ పెన్ను ఆగింది. “గింత సాఫ్ తెలుగు యాడ నేర్సుకున్నవమ్మా?”

“మా దాదీ దగ్గర.”

అప్పుడు నావైపు తిరిగాడు. నేను సిద్ధంగా ఉన్నాను. “అమ్మా, మీరు బోధన్‌ల ఎప్పటి సంది ఉంటున్నరు?”

“1983 మే 19, గురువారం, సాయంత్రం నాలుగున్నర నుంచి.”

“అంతకు ముందు?”

“కందకుర్తి. మా నాన్నగారు అక్కడ పోస్టుమాస్టరు. ఊళ్ళో అప్పుడున్నది తెలుగు బడి ఒక్కటే. ఒకటో తరగతిలో నా హాజరు నంబరు 23.”

అతను పెన్ను మూత పెట్టేశాడు. “అమ్మా, ఏమనుకోకున్రి. ఈ వాడకట్టుల నేను వంద ఇండ్లు తిరిగిన. ఎన్నేండ్లాయె అంటే ఎవ్వలు గిట్ల చెప్పరు. ‘ఏమో సార్, మస్తు ఏండ్లాయె’ అంటరు. పుట్టిన తారీకే తెల్వదంటరు. గింత కరెక్టుగ చెప్పేది ఎవలో ఎరికేనా? బయటి నుంచొచ్చి, కాయిదాలు జేయించుకొని, బట్టీ కొట్టినోళ్ళు.”

“నిజం చెప్పినందుకు అనుమానమా?”

“నిజమే కావచ్చమ్మా. గని మీ ఇద్దరి మాట ఈ దిక్కుది కాదు. మాసుంటోళ్ళకు చెవులుంటయ్ గద. బార్డర్ జిల్లా, గట్టిగ సూడమని పైకెళ్ళి చెప్పిండ్రు.” తర్వాత గొంతు తగ్గించి, “అసలు మీది ఏ దిక్కు? నాతోని చెప్పున్రి, ఫర్వాలేదు,” అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళలో ఈ ఊరి పిల్లలు దాదాపు నాలుగు వేలమందికి ఎక్కాలు నేర్పాను. ఆ సంగతీ చెప్పాను. సరైన సంఖ్య చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది.

గల్లీలో ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలట, అందులో ఒకరు పక్కింటివాళ్ళై ఉండాలన్నాడు. దేవన్న వెంటనే పెట్టాడు. ఎడమవైపు ఇల్లు మూడేళ్ళుగా తాళం. కుడివైపు వసంతమ్మ. కొడుకు చెరకు తోట చూడడానికి ఆమె రుద్రూర్ పోయిందట. కానిస్టేబుల్ వచ్చే శనివారం మళ్ళీ వస్తానన్నాడు. “పక్కింటామె చెప్తే అయిపోతది. చెప్పకపోతే, విచారణల తేలలేదని రాయాల్సొస్తది అమ్మా.”

అతను పోయాక తూబా అడిగింది, “దాదీ, పోలీసు అడిగితే దాన్ని లెక్కలో ఒకటిగా రాయాలా, ఎక్కువగా రాయాలా?”

ఒకటే రాయమన్నాను. తూబా 15, నేను 10.

ఆ తర్వాత ఆమె ఇంట్లో కూడా మాట్లాడలేదు.

సెప్టెంబర్ 27, శనివారం

మాట్లాడలేదు. అన్నం తింది.

సెప్టెంబర్ 28, ఆదివారం

శనివారానికి తయారు కావాలి. ఉదయం పదింటికి తూబాను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

“నేను కానిస్టేబుల్‌ను. ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారు?”

“మస్తు ఏండ్లాయె సార్,” అంది తూబా, వార్తలు చదివినట్టు.

“కొంచెం నవ్వుతూ చెప్పు.”

“ఎంత నవ్వాలి?”

“నాలుగు పళ్ళు కనబడేటంత.”

నవ్వింది. లెక్కపెట్టాను, ఆరు కనబడ్డాయి. నేను చేసి చూపించాను. తల ఒకపక్కకు వంచి, చెయ్యి ఆడించి, “ఏమో సార్, మస్తు ఏండ్లాయె!” అన్నాను.

గుమ్మంలో అల్మాస్ చాట పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. చాట కింద పెట్టి, తానూ కింద కూర్చుండిపోయింది, కొంగు నోట్లో పెట్టుకుని. “అమ్మీ, మీ కాళ్ళు మొక్కుతా, పోలీసు ముందు నవ్వకండి,” అంది. “ఇప్పుడున్న కేసు చాలు. ఇద్దరూ స్టేషన్‌లో రైలు వస్తుందని చెప్పే మైకులాగే మాట్లాడండి. అదే నయం.”

అప్పుడు తూబా నవ్వింది. పళ్ళు లెక్కపెట్టలేదు.

సెప్టెంబర్ 30, మంగళవారం

వసంతమ్మ రుద్రూర్ నుంచి తిరిగి వచ్చింది. సద్దుల బతుకమ్మ కదా, పొద్దుటి నుంచి ఆమె వాకిట్లో తంగేడు పువ్వు కుప్పలు. పండుగ పూట పోకూడదని తెలుసు. కాని శనివారానికి నాలుగు రోజులే ఉంది. గిన్నె తోమి, నిండా చక్కెర పోసి తీసుకుపోయాను.

ఆమె పీట మీద కూర్చుని పువ్వులు పేరుస్తోంది. కోడలు నవత తెంపి అందిస్తోంది. నన్ను చూసి ఇద్దరి చేతులూ ఆగాయి.

నేను దారిలో తయారుచేసుకున్నది చెప్పాను: “వసంతమ్మ గారూ, మీతో నాకు రెండు పనులున్నాయి. ఒకటి మాఫీ, ఒకటి సాక్ష్యం. రెండింటినీ కలపకూడదు. కలిపితే సాక్ష్యం కోసం మాఫీ అడిగినట్టవుతుంది. మీరు మాఫీ ఇవ్వకపోయినా సాక్ష్యం ఇవ్వవచ్చు. సాక్ష్యం ఇవ్వకపోయినా మాఫీ ఇవ్వవచ్చు. మీ ఇష్టం.”

“నాలుగేండ్లకు నోరు తెరిసి గిదా నువ్వు చెప్పేది?” అంది. తర్వాత గిన్నె చూసింది. “నా గిన్నె గిప్పుడు యాదికొచ్చిందా?”

“ప్రతి శుక్రవారం యాదికొచ్చింది. తోముతున్నాను.”

ఆమె మళ్ళీ పువ్వు చేతిలోకి తీసుకుంది. “పండుగ పూట నన్ను పరేషాన్ చెయ్యకు టీచరమ్మా. పో. తర్వాత సూద్దాం.”

గిన్నె మాత్రం నవత అందుకుంది. జవాబు రాలేదు. ‘తర్వాత’ అంటే ఏ రోజు అని అడగాలనుకున్నాను. అడగలేదు. అడగకుండా ఊరుకోవడం చాలా కష్టమైన పని, జనం రోజంతా ఎలా చేస్తారో.

అక్టోబర్ 3, శుక్రవారం

ఆమె రాకపోతే తూబాకు ఏం చెప్పాలో మూడు రకాలుగా రాసి చూశాను. మూడూ కొట్టేశాను.

బయట ‘ఏ దేశం’ అని అడిగే లెక్కలో నాకు తక్కువ రావడానికి ఉచ్చారణ కారణం కాదు. నేను బయటికి పోను. రిటైరైనప్పటి నుంచి వారానికి రెండుసార్లు, దేవన్న దుకాణందాకా. లెక్కల టీచర్ని, ఇంత చిన్న తప్పు చేశాను.

అక్టోబర్ 4, శనివారం

ఉదయం 10:20కి మార్కండేయ వచ్చాడు. కూర్చోబెట్టాను. మేమిద్దరం ఎదురుగా కూర్చున్నాం. ఎవరూ నవ్వలేదు. 10:35 అయింది. అతను ఫైలు చూసుకున్నాడు, ఫోను చూసుకున్నాడు. “పక్కింటామెతోని మాట్లాడిండ్రా అమ్మా?”

“మాట్లాడాను. ఆమె ‘తర్వాత సూద్దాం’ అంది.”

అతను నిట్టూర్చాడు. తూబా లేచి లోపలికి పోబోయింది. అప్పుడు వాకిట్లో గొంతు వినబడింది.

“ఏం సార్, మా టీచరమ్మది ఏ దేశమని అడుగుతున్నవట? జల్ది తేల్సు. నేను గూడ నలభై ఏండ్ల సంది గదే సమజ్ చేసుకుంటున్న.”

వసంతమ్మ వచ్చి, చాప మీద దబ్బున కూర్చుంది. వెనకాల నవత.

“మొదట్ల వచ్చినప్పుడు మద్రాసామె అనుకున్నం సార్. తర్వాత ఎవలో కేరళ నర్సమ్మ అన్నరు. అందర్నీ ‘మీరు’ అంటది ఈమె. మా బర్రెను గూడ ‘మీరు అటు జరగండి’ అన్నది. నేను సూసిన.”

“ఆ బర్రె దారికి అడ్డంగా ఉంది,” అన్నాను.

“సూడున్రి!” అంది వసంతమ్మ. “ఇగ గీ పోరి ఈమె పెంపకమే. ఆరేండ్లప్పుడు మా కొట్టంల బర్రె ఈనుతుంటే ఉరికొచ్చి ఏమన్నది? ‘దూడ ముందరి కాళ్ళు బయటికి వస్తున్నాయి, దయచేసి త్వరగా రండి’ అన్నది. ఎవలన్న రేడియో పెట్టిండ్రా అని సూసిన నేను.”

మార్కండేయ నవ్వు ఆపుకుంటున్నాడు. “అంటే అవ్వా, వీళ్ళు ఈడోళ్ళేనా, బయటోళ్ళా? గది చెప్పు.”

వసంతమ్మ అప్పుడు నావైపు వేలు చూపించింది. “సార్, బయటోళ్ళు ఎట్లుంటరు? భయంగుంటరు. మంచిగ మాట్లాడుతరు. మన మెప్పు కావాలె గద వాళ్ళకు. గీమె ఏం జేసింది? నా కొత్త కోడల్ని, పద్నాలుగు మంది ముంగట, పొట్టిది అన్నది. గంత ధైర్నం బయటోళ్ళకు వస్తదా? సొంతోళ్ళకే వస్తది!”

“పొట్టిది అనలేదు. ఎత్తు తక్కువ అన్నాను,” అన్నాను. నోరు ఆగలేదు.

“సూసిండ్రా సార్? పోలీసు ముంగట, సంతకం పెట్టడానికి వచ్చినదాంతోని, గిప్పుడు గూడ!” అని వసంతమ్మ చాప మీద చెయ్యి కొట్టింది. “ఇంతకన్న సాక్ష్యం ఏం గావాలె మీకు?”

మార్కండేయ ఫైలు తెరిచాడు. “నాలుగేండ్ల సంది మీకు మాటల్లేవని దేవన్న చెప్పిండు. మరి ఈళ్ళు ఈడనే ఉంటున్నరని నీకెట్ల ఎరుక?”

“మాటలు లేకపోతే దగ్గు లేదా సార్? పొద్దుగాల నాలుగున్నరకు దగ్గుతది ఈమె. దినాం. నాకు గడియారం అక్కర్లే. కిందటి యేడు రెండొద్దులు దగ్గు వినరాలే. పానం బాగలేదేమోనని, దేవన్నను అడగమని నవతను పంపిన.”

ఇది నాకు తెలియదు. నా దగ్గర ఏ నోటుబుక్కులోనూ లేదు.

“ఎన్నేండ్ల సంది ఎరుక ఈళ్ళు నీకు?”

“ఏమో సార్. మస్తు ఏండ్లాయె.”

అతను తృప్తిగా రాసుకున్నాడు. నలభై రెండేళ్ళ నాలుగు నెలల పదిహేను రోజులు అని నా నోటిదాకా వచ్చింది. తూబా వెనక నుంచి నా కొంగు లాగింది. మింగేశాను.

సంతకాలయ్యాక, చెప్పులు వేసుకుంటూ మార్కండేయ నా దగ్గర ఆగాడు. “మాఫ్ చెయ్యున్రి అమ్మా. డ్యూటీ.” జాబితాలో అతని పేరు లేదు. నా దగ్గర మాఫీ అడిగిన మొదటి మనిషి అతనే. “చేతిరాత మెరుగుపరచుకోండి,” అన్నాను.

వసంతమ్మ లేవలేదు. “సాక్ష్యం అయింది,” అంది. “ఇగ నీ రెండో పని. మాఫీ గీఫీ నాకు తెల్వదు. నా కోడలు ఎట్లుందో మల్ల చెప్పు.”

నవత తల వంచుకుంది. అందరూ నావైపే చూస్తున్నారు. అబద్ధం చెప్పి ఉమ్రాకు పోలేను. నిజం ఇదివరకే చెప్పాను. నవతను మళ్ళీ చూశాను.

“ఎత్తు అప్పుడెంతో ఇప్పుడూ అంతే,” అన్నాను. తూబా మళ్ళీ కొంగు లాగింది, గట్టిగా. “నాలుగేళ్ళుగా గోడ అవతలి నుంచి ఈమె గొంతు వింటున్నాను. ఒక్కసారి కూడా మీ మీద అరవలేదు. మీతో ఉంటే నేను అరిచేదాన్ని. ఆరోజు ఇది నాకు తెలియదు. తెలియకుండా జవాబు చెప్పాను. అది తప్పు. మాఫ్ చేయండి.”

మొదట నవత నవ్వింది. తర్వాత వసంతమ్మ, “నాతోని ఉంటే అరుస్తవా? ఏం జేస్తనే నేను?” అంటూనే కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం గోడ మీద గిన్నె. ‘వసంతమ్మ 1994’. అందులో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు ఏడు. మళ్ళీ నా దగ్గరికే వచ్చింది గిన్నె. మళ్ళీ ఏదో ఒకటి పెట్టి ఇవ్వాలి.

ఏడో నంబరు గడిలో ‘నిజం’ కొట్టేసి, ‘సగం నిజం’ అని రాశాను.

అక్టోబర్ 12, ఆదివారం

నిన్న అల్మాస్, తూబా హైదరాబాద్ పోయి వచ్చారు. డాక్టరమ్మ ఖాయంగా చెప్పిందట. తూబాలో ఏడుపూ లేదు, దిగులూ లేదు. నా దగ్గర కూర్చుని అడిగింది:

“నాకెన్ని వచ్చాయి దాదీ?”

“యాభైకి ముప్పై ఎనిమిది.”

“మీకు?”

“నేను రాయలేదు.”

“సరిచూడకుండా మీరు ఏ పేపరూ పంపరు,” అంది, గోడ గడియారం చూస్తూ.

మనవరాలికి అబద్ధం చెప్పకూడదని నేర్పింది కూడా నేనే. ఈ పిల్లకు నేను నేర్పినవన్నీ ఒక్కొక్కటిగా నాకే తిరిగి వస్తున్నాయి. చెప్పాను. నలభై మూడు.

తూబా రెండు అంకెలూ పోల్చింది. “ఫస్టు మీరే దాదీ.”

ఫస్టు వచ్చిన పిల్లలతో ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు, ముప్పై నాలుగేళ్ళు చెప్పాను. ఈరోజు మాత్రం టీ పెట్టుకున్నాను. రెండు గ్లాసులు.

అక్టోబర్ 22, బుధవారం

నిన్న పోస్టులో పాస్‌పోర్టులు వచ్చాయి. ఈరోజు 9:10 బస్సుకు నిజామాబాద్ పోయాం. ఏజెంటుకు ఇచ్చే ముందు, చెరకు రసం తాగుతానంది తూబా. అదే బండి. వేరే బండికి పోదామన్నాను. “అక్కర్లేదు, నాకేం వద్దో ఇతనికి తెలుసు,” అంది.

“నమస్కారం. రెండు గ్లాసులు. మంచుముక్కలు వద్దు. అల్లం వద్దు. నిమ్మకాయ వద్దు.”

బండివాడు గుర్తుపట్టాడు. ముఖం విప్పారింది. “అరె మేడం! ఇంక ఈడనే ఉన్నరా?”

తూబా సంచిలోంచి పాస్‌పోర్టు తీసి, మొదటి పేజీ తెరిచి, అతని కళ్ళ ముందు పట్టుకుంది. పుట్టిన ఊరు, జాతీయత, అన్నీ ఉన్న పేజీ. అతను అట్ట చూశాడు, మా ఇద్దరినీ చూశాడు, తల ఊపాడు.

“అచ్ఛా! వాపస్ పోతున్నరా మేడం, మీ దేశం?”

నేను నోరు తెరిచాను. ఇరవై ఆరు కిలోమీటర్లు, కందకుర్తి, హాజరు నంబరు 23, అన్నీ గొంతులోకి వచ్చాయి. తూబా నా కొంగు లాగలేదు. నాకంటే ముందే మాట్లాడింది.

“అవును,” అంది. “నవంబర్ ఇరవైన. పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తాను. అప్పుడు కూడా మంచుముక్కలు వద్దు.”

గ్లాసు పూర్తిగా తాగింది.